గలీనాలో ఓటు వేయనిచ్చినవాడు

నీహారిక అడిగింది, ఛాయాదేవి జవాబు చెప్పింది. పోయిన వారం ఆ జవాబు దగ్గర ఆగాం.

ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవారికి నాలుగు మాటలు. ఇది 2013 నవంబరు. ఇల్లినాయ్‌లోని అరోరాలో, గుడికి దగ్గరగా ఒక హాలు ఉంది. పిల్లల దగ్గరికి వచ్చి, గ్రీన్‌కార్డు తీసుకుని ఉండిపోయిన పెద్దవాళ్ళకి అక్కడ ఆదివారాలు సిటిజెన్‌షిప్ క్లాసు జరుగుతుంది. చెప్పేది నీహారిక. ఇక్కడే, అమెరికాలోని నోవైలో పుట్టి పెరిగింది. షికాగోలో ఒక కాలేజీలో అమెరికా రాజ్యాంగం తొలినాళ్ళ చరిత్ర చెబుతుంది. లా చదివింది, లైసెన్సు ఉంది, ప్రాక్టీసు లేదు. ఛాయాదేవి కావలిలో సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. భర్త పోయాక అక్కడి ఇల్లు అమ్మి, ఒక్కగానొక్క కూతురు గిరిజ దగ్గరికి వచ్చేసింది. గురువారం ఆమెకి సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూ. దానికోసం క్లాసులో రిహార్సల్ పెట్టారు. అధికారి కుర్చీలో నీహారిక. ఎదుటి కుర్చీలో ఛాయాదేవి.

"అమెరికాలో ఏ ఎన్నికల్లోనైనా ఎప్పుడైనా ఓటు వేశారా?" అని నీహారిక ఇంగ్లీషులో అడిగింది.

"యెస్. టూ టైమ్స్," అంది ఛాయాదేవి.

*

హాల్లో చప్పట్లు కొట్టారు.

అందరూ కాదు, వెనక వరసలో కొందరు. సరైన జవాబుకి చప్పట్లు కొట్టడం ఆ క్లాసులో అలవాటు. మొదటి పదమూడు రాష్ట్రాల పేర్లు ఎక్కంలా అప్పజెప్పినందుకు అంతకుముందే భీమశంకర్‌కి కొట్టారు. ఇదీ అలాంటిదే అనుకున్నారు. ఓటు వేశానని చెప్పడం మంచి జవాబే కదా.

నీహారిక చేతిలో పెన్ను ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది.

"టీ బ్రేక్," అంది.

"ఇప్పుడేగా తాగాం," అన్నారెవరో.

"మళ్ళీ తాగండి అంకుల్."

ఛాయాదేవిని హాలు వెనక వంటగదిలోకి తీసుకెళ్ళింది. మధ్యాహ్నం పులిహోర కలిపిన గిన్నెలు సింకులో ఉన్నాయి. కుర్చీలు లేవు. ఛాయాదేవికి మోకాళ్ళ నొప్పి. బియ్యం బస్తాల మీద కూర్చుంది.

"నేను తప్పు చెప్పానా?"

"ఆంటీ, ప్రాక్టీస్ అని అలా చెప్పారా? లేకపోతే నిజంగా?"

"ప్రాక్టీసుకి అబద్ధం ఎందుకు చెబుతానమ్మా?"

"ఎప్పుడు వేశారు?"

"పోయినేడు. మార్చిలో ఒకటి, నవంబరులో ఒకటి. నవంబరుది సాఫీగానే జరిగింది. మార్చిలోనే పోట్లాట."

"ఏం పోట్లాట?"

"బల్ల దగ్గర కూర్చున్నావిడ ఏ పార్టీ అని అడిగింది. పైకే అడిగింది. నా వెనక అంతమంది నిలబడి ఉన్నారు. అమ్మా, ఓటు రహస్యం, నువ్వు అడక్కూడదు, నేను చెప్పకూడదు అన్నాను. పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ కదా, అందులో చెప్పాలట. చెబితేగాని ఆ పార్టీ కాగితం ఇవ్వరట. మా దేశంలో నేను ప్రిసైడింగ్ ఆఫీసరుగా చేశాను, ఇలాంటిది ఎక్కడా చూడలేదు అన్నాను."

"మా దేశంలో అన్నారా? ఆ వర్డ్స్?"

"ఇన్ మై కంట్రీ అన్నాను."

"ఆవిడ ఏమంది?"

"వెరీ నైస్ అంది."

మామూలు రోజైతే నీహారిక నవ్వేది. సింకు అంచు పట్టుకుని నిలబడింది.

"ఆంటీ, గ్రీన్‌కార్డ్ వాళ్ళకి వోట్ లేదు. సిటిజెన్స్‌కే. ప్రెసిడెంట్‌కీ కాంగ్రెస్‌కీ జరిగే ఎలక్షన్‌లో మనం వేస్తే అది క్రైమ్."

మనం అంది గాని, నీహారిక ఇక్కడ పుట్టిన మనిషి. ఆ మాట ఆమెకి వర్తించదు. ఛాయాదేవి అది గమనించింది.

"ఏ చట్టం?" అని అడిగింది.

"1996లో వచ్చింది."

"క్లాసులో చెప్పలేదు నువ్వు."

"చెప్పాను. ఓటు సిటిజెన్‌కి మాత్రమే ఉన్న రైట్ అని చెప్పాను. మీరు రాసుకున్నారు కూడా."

"రాసుకున్నాను. ఇవ్వాళ్టిదాకా అది పరీక్షలో జవాబు అనుకున్నాను. నా సంగతి అనుకోలేదు." ఛాయాదేవి ఆగింది. "నా పేరు జాబితాలో ఉంది కదమ్మా."

ఆ మాట వెనక ఆమె ఉద్యోగం మొత్తం ఉంది.

మన దగ్గర ఎన్నికలొస్తే బడిపంతుళ్ళకి డ్యూటీ పడుతుంది. ఛాయాదేవికి చాలాసార్లు పడింది. ముందురోజు సాయంత్రం పెట్టెలతో వ్యాన్ దిగడం, బడి వరండాలో చాప వేసుకుని పడుకోవడం, తెల్లారి ఏజెంట్ల ముందు ఖాళీ పెట్టె చూపించి లక్కతో సీలు వేయడం ఆమెకి అలవాటైన పనులు. ఒక ఎన్నికలో తన బడి అటెండరే ఓటుకి వచ్చాడు. ఆ ఊళ్ళో పుట్టినవాడు. ఆమెకి రోజూ మంచినీళ్ళు తెచ్చిచ్చేవాడు. జాబితాలో అతని పేరు లేదు. వెనక్కి పంపింది. అతను చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. ఆమెకి తెలిసిన చట్టం ఒక్కటే. జాబితాలో పేరుంటే ఓటుంది, లేకపోతే లేదు. బల్ల ముందు కూర్చున్నవాళ్ళకి అంతకు మించి అధికారం లేదు. బల్ల ఎదుట నిలబడ్డవాళ్ళకి అంతకు మించి అనుమానం అక్కర్లేదు.

ఇక్కడ స్టేట్ ఐడీ, అంటే గుర్తింపు కార్డు కోసం ఆఫీసుకి వెళ్ళినప్పుడు కౌంటరులో అమ్మాయి అందరినీ అడిగినట్టే అడిగింది, ఓటుకి నమోదు చేయమంటారా అని. ఛాయాదేవి గ్రీన్‌కార్డూ ఇండియా పాస్‌పోర్టూ కౌంటరు మీదే పెట్టి ఉంచింది. చేయమంది. సంతకం పెట్టమంటే పెట్టింది. కొన్ని వారాలకి ఇంటికి ఓటరు కార్డు వచ్చింది. పేరు, చిరునామా, పోలింగ్ స్థలం అన్నీ ఉన్నాయి. ప్రభుత్వం తన సంగతి విచారించి నిర్ణయించిందని ఆమె అనుకుంది. అలా కార్డు వచ్చాక ఓటు వేయకుండా ఇంట్లో కూర్చోవడం ఆమె దృష్టిలో తప్పు.

"సైన్ చేసేప్పుడు చదివారా ఆంటీ? పైన ఉంటుంది, నేను సిటిజెన్ అని."

ఛాయాదేవి తల అడ్డంగా ఊపింది.

"చదవకుండా సంతకం పెట్టొద్దని పిల్లలకి ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో," అంది. "చదవలేదు."

"అక్కడ గవర్నమెంట్ మిమ్మల్ని లిస్ట్‌లో పెడుతుంది. ఇక్కడ మిమ్మల్ని మీరే పెట్టుకుంటారు. మీరు సిటిజెన్ అని ఎవరూ చెక్ చేయరు. మీ సైన్ చూస్తారు, అంతే. తర్వాత అది తప్పు అని తేలితే, లిస్ట్‌ని ఎవరూ ఏమీ అనరు. మిమ్మల్ని అంటారు."

"అయితే జాబితా ఎందుకు?"

నీహారిక రాజ్యాంగ చరిత్రలో పీహెచ్‌డీ చేసింది. అందులో ఈ ప్రశ్న ఎక్కడా రాలేదు.

*

చక్రధర్ అత్తగారిని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాడు. అతను వేరే రాష్ట్రంలో, బెంటన్‌విల్‌లో కాంట్రాక్టు చేస్తున్నాడు. ఆదివారం సాయంత్రం విమానంలో వెళ్ళి గురువారం రాత్రి వస్తాడు. రెండేళ్ళుగా అంతే. ఈ గురువారం మాత్రం ఇంటర్వ్యూ కోసం సెలవు పెట్టాడు. పెట్టె కారులోనే ఉంది. వంటగది గుమ్మంలో నిలబడి నీహారిక చెప్పింది విన్నాడు. రెండోసారి చెప్పమన్నాడు. చెప్పింది.

"అత్తయ్య గారూ, మీరు వోట్ వేశారా? ఎవరు తీసుకెళ్ళారు?"

"వెళ్ళాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఫ్రిజ్ మీద ఏడాదిగా స్టిక్కరు ఉంది బాబూ. నేను ఓటేశాను అని అక్షరాలా రాసి ఉంది దాని మీద. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నువ్వు అందులోంచే పాలు తీస్తావు."

"అది గిరిజది అనుకున్నాను."

"గిరిజ ఆ రోజు డ్యూటీ నుంచి రానేలేదు. అది నీదనుకుంది."

చక్రధర్ కారు తాళాలు జేబులో వేసుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"అప్లికేషన్‌లో నో పెట్టాను నేను," అన్నాడు నీహారికతో. "ఆ పేజీలన్నీ నో యే కదండీ. టెర్రరిస్టా? నో. తాగుబోతా? నో. జైలుకెళ్ళారా? నో. మా ఫ్రెండ్స్ పేరెంట్స్ అందరికీ అలాగే ఫిల్ చేశాం. ఆవిణ్ణి కూర్చోబెట్టి, అత్తయ్య గారూ మీరెప్పుడైనా ప్రభుత్వాన్ని కూల్చారా అని అడగాలా?"

"అడిగితే నవ్వేదాన్ని," అంది ఛాయాదేవి. "ఓటు సంగతి అడిగితే చెప్పేదాన్ని."

"మరి సైన్ చేసేటప్పుడు చూసుకోవచ్చుగా."

"నువ్వు పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోట పెట్టాను."

హాల్లోంచి నవ్వులు వినబడుతున్నాయి. ఎవరో భీమశంకర్‌ని పదమూడు రాష్ట్రాలూ వెనక నుంచి చెప్పమంటున్నారు.

"సరే," అన్నాడు చక్రధర్. "పెట్టింది నో. గురువారం కూడా నో అనే చెబితే సరిపోతుంది. రోజుకి ఎంతమందిని చూస్తారు వాళ్ళు? ఎవరు చెక్ చేస్తారు?"

"చక్రధర్ గారూ, నా ముందు ఆ మాట అనకండి."

"మీరు మా లాయర్ కాదుగా."

"కాను. అందుకే అనకండి. విన్నది నేను దాచలేను."

నీహారిక వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. కౌంటరు దగ్గర సంతకం ఒకటి. ఓటు వేయడం రెండు. అప్లికేషన్‌లో నో మూడు. గురువారం కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేసి నో అంటే నాలుగు.

"మొదటి మూడూ తెలియక చేశారు. నాలుగోది తెలిసి చేస్తారు. మూడింటికీ ఏదో ఆర్గ్యుమెంట్ ఉంటుంది. నాలుగోదానికి ఉండదు."

"నిజం చెబితే?" ఛాయాదేవి అడిగింది.

"సిటిజెన్‌షిప్ ఇవ్వకపోవచ్చు. గ్రీన్‌కార్డ్ కూడా తీసుకుని, కోర్ట్‌కి పంపించొచ్చు. గ్రీన్‌కార్డూ పాస్‌పోర్టూ చూపించినా మీకు రిజిస్టర్ చేశారు కాబట్టి కోర్ట్ వదిలేయొచ్చు. అలా వదిలిన కేసులు ఉన్నాయి. వదలనివి కూడా ఉన్నాయి. నేను ప్రామిస్ చేయలేను ఆంటీ."

"కోర్టు వదలకపోతే?"

"ఇండియా పంపిస్తారు. మళ్ళీ రానివ్వరు."

"ఇండియాలో ఎక్కడికి?"

అది నీహారికకి వేసిన ప్రశ్న కాదు. కావలిలో ఇల్లు కొన్నాయన దాన్ని పడగొట్టి అయిదంతస్తులు లేపాడు. ఫోటో కూడా పంపాడు. ఛాయాదేవికి అక్కడ ఇప్పుడు చిరునామా లేదు. తోబుట్టువులు లేరు. గిరిజ ఇక్కడ ఉంది, గిరిజ కూతురు హంసిక ఇక్కడ ఉంది. హంసికని రోజూ స్కూలు బస్సు ఎక్కించేదీ దించుకునేదీ ఛాయాదేవే.

"మొదట్నుంచీ ఇంతేనా ఇక్కడ?" అని అడిగింది. "దేశం పెట్టినప్పట్నుంచీ?"

"ఇప్పుడు ఆ చరిత్ర అవసరమా?" అన్నాడు చక్రధర్.

"నేను అడిగాను బాబూ. ఆ అమ్మాయి చెప్పనీ."

నీహారిక చెప్పింది. ఆమెకి బాగా తెలిసిన విషయం అది. ఆ పూట తెలిసినది చెప్పడంలో ఆమెకి కొంత విశ్రాంతి ఉంది.

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవాళ్ళు ఓటు ఎవరికి అన్న చోట ఒక్క మాట మీదకి రాలేకపోయారు. కొన్ని రాష్ట్రాల్లో భూమి ఉన్నవాడికే ఓటు. కొన్నింట్లో పన్ను కట్టినవాడికి. ఒకరి పద్ధతి ఇంకొకరికి పనికిరాదు. అందుకని ఏ రాష్ట్రంలో అక్కడి శాసనసభకి ఎవరు ఓటేస్తారో, ఆ రాష్ట్రంలో ప్రతినిధుల సభకీ వాళ్ళే వేస్తారని రాసి చేతులు దులుపుకున్నారు. పౌరుడే ఓటు వేయాలని రాజ్యాంగం అప్పుడు చెప్పలేదు. 1818లో ఇల్లినాయ్ రాష్ట్రమైంది. దాని రాజ్యాంగంలో ఓటరు గురించిన చోట పౌరుడు అన్న మాట లేదు. నివాసి అని ఉంది. ఆరునెలలు ఇక్కడ ఉన్నవాడు.

"నేను అయిదేళ్ళుగా ఉన్నాను," అంది ఛాయాదేవి.

"వైట్ అని కూడా ఉంది ఆంటీ. మేల్ అని కూడా."

"అంటే అప్పుడొచ్చినా నేను బయటే."

"బయటే."

"సరే, ఆ తర్వాత?"

"గలీనా అని ఒక ఊరు. ఇక్కణ్ణుంచి డ్రైవ్ చేస్తే మూడు గంటలు. సీసం గనులు ఉండేవి. చాలామంది ఐర్లండ్ నుంచి పని కోసం వచ్చారు. 1838లో అలాంటి ఒకతను ఓటేశాడు. సిటిజెన్ కాదు. దాని మీద కేసు అయింది."

"పాపం. జైల్లో వేశారా?"

"అతని మీద కాదు కేసు. బూత్‌లో కూర్చున్న ఆఫీసర్ మీద. సిటిజెన్ కానివాణ్ణి వోట్ వేయనిచ్చాడు అని."

ఛాయాదేవి బియ్యం బస్తాల మీద సర్దుకుని కూర్చుంది. ఆ మాట గురించి ఆమె ఏదో ఆలోచిస్తున్నట్టు నీహారికకి అనిపించింది.

"ప్రిసైడింగ్ ఆఫీసరు మీద," అంది ఛాయాదేవి.

"అలాంటివాడే."

"జాబితా చూసుకుని వేయనిచ్చాడా?"

"అప్పుడు జాబితాలు లేవు. మనిషి వచ్చి అందరి ముందు నిలబడి, ఎవరికి వేస్తున్నాడో పైకి చెప్పాలి. ఆఫీసర్ రాసుకుంటాడు."

"అదీ పైకేనా?" అంది ఛాయాదేవి. "వీళ్ళకి మొదట్నుంచీ ఉన్న జబ్బే అన్నమాట." ఆమె నవ్వలేదు. "ఏమైంది ఆయనకి?"

"కింది కోర్ట్‌లో ఓడిపోయాడు. సుప్రీం కోర్ట్‌కి వెళ్ళాడు. ఇల్లినాయ్ సుప్రీం కోర్ట్. 1840లో ఆ తీర్పు కొట్టేశారు. కొన్నేళ్ళకి స్టేట్ కాన్‌స్టిట్యూషన్ మార్చి, సిటిజెన్ అన్న వర్డ్ పెట్టారు. అప్పటికే ఇక్కడ ఉన్న వైట్ మగవాళ్ళకి మాత్రం ఉంచారు."

"ఉన్నవాళ్ళని తీసెయ్యలేదు."

"తీసెయ్యలేదు."

"మర్యాదస్తులే," అంది ఛాయాదేవి.

చక్రధర్ గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్నాడు. విమానానికి టైమవుతోందని ఫోను రెండుసార్లు మోగింది. చూసి లోపల పెట్టుకున్నాడు.

"గురువారం నేను చెబుతాను," అంది ఛాయాదేవి.

"ఏమని?"

"జరిగింది జరిగినట్టు."

"అత్తయ్య గారూ, మీరు సాక్షి సంతకం పెట్టడానికి వెళ్ళట్లేదు. మీ గురించి మీరే పోలీసు కంప్లయింటు ఇస్తున్నారు. గిరిజకి తెలిస్తే ఏమవుతుందో ఆలోచించారా? హంసికకి ఏం చెబుతాం? అమ్మమ్మ ఓటేసింది కాబట్టి ఇంటికి పంపేశారు అనా?"

"ఎన్నికల డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా నేను ప్రమాణం చేశాను. చేసిన ప్రతిసారీ చెప్పిందే చేశాను. ఈ వయసులో ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం నాకు రాదు బాబూ. చెప్పినా మొహంలో తెలిసిపోతుంది."

"మీరు నిజం చెప్పి మనశ్శాంతిగా విమానం ఎక్కుతారు. ఇక్కడ మిగిలేది మేం," అన్నాడు చక్రధర్. గొంతు పెంచలేదు. "రోజూ పొద్దున్నే బస్‌స్టాపులో ఎవరుండాలో చూసుకోవాల్సింది మేం. గిరిజ నైట్ డ్యూటీ నుంచి వచ్చి ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా ఆ స్టిక్కరు చూడాల్సింది మేం."

ఛాయాదేవి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"ఆంటీ," అంది నీహారిక. "చెప్పడానికి కూడా ఒక పద్ధతి ఉంది. గురువారం మీరు ఒక్కరే వెళ్ళొద్దు. నాకు ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్ తెలుసు. రేపు నేను కాల్ చేస్తాను. ఇంటర్వ్యూ పోస్ట్‌పోన్ చేయమని అడగొచ్చు. వాళ్ళు అడగకముందే మనమే తప్పు దిద్దుకున్నాం అంటే అది మనకి మంచిది."

"అందాకా ఏం చేయాలి?"

"ఎవరితోనూ మాట్లాడొద్దు. క్లాసులో కూడా."

"క్లాసులో చెప్పేశాను కదా."

"అది ప్రాక్టీస్ అని చెబుతాను."

"వాళ్ళు నమ్మరు," అంది ఛాయాదేవి.

నమ్మకపోతే ఏమవుతుందని నీహారిక అడగబోయింది. అప్పుడు వెనక వరసలో విన్న చప్పట్లు గుర్తొచ్చాయి. కొట్టినవాళ్ళు నలుగురైదుగురు. మిగతావాళ్ళు ఊరుకున్నారు. తప్పు జవాబని తెలిసి ఊరుకోలేదు, మామూలుగానే ఊరుకున్నారు. కొట్టినవాళ్ళు మాత్రం ఆమె చెప్పగానే కొట్టారు, ముందే తెలిసిన సంగతి విన్నట్టు.

ఛాయాదేవికి డ్రైవింగ్ రాదు. ఎవరు తీసుకెళ్ళారని చక్రధర్ అడిగితే, వెళ్ళాను అంది.

"ఆంటీ, ఆ రోజు బూత్‌కి ఎలా వెళ్ళారు?"

ఛాయాదేవి బస్తా మీద చెయ్యి ఆనించి లేచింది.

"పద," అంది. "వాళ్ళు టీ తాగేసి ఉంటారు."

*

హాల్లో భీమశంకర్ అప్పటికే ఎదుటి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కరీంనగర్‌లో ఇరిగేషన్ శాఖలో పనిచేశాడు. అంగీ మీద స్వెట్టర్, దాని మీద కోటు. పెద్దవాళ్ళలో డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్నది ఆయన ఒక్కడే. కొడుకు పాత వ్యాన్ ఆయన చేతికే ఇచ్చాడు.

"నీహారిక బిడ్డా, నన్నొక్కపారి అడుగు. రేపు పొద్దుగాల్నే నాది ఇంటర్వ్యూ," అన్నాడు.

"రేపా? వచ్చే నెల అన్నారు కదా అంకుల్?"

"ఎవలో రానన్నరట, ముందుకు జరిపిన్రు. మా పిలగాడు నిన్ననే చెప్పిండు. అంత తయారైన. గా ఒక్క ముచ్చట్నే జర డౌటున్నది." ఆయన ఛాయాదేవి వైపు తిరిగాడు. "టీచరమ్మా, మా పిలగాడు ఓటు కాడ నో అని పెట్టిండు. మీరేమో ఎస్ అన్నరు. గా దినం మీరు చెప్తెనే కద మేమంత వేసింది? బండి నేనే నడిపిన. ఇప్పుడు రేపు నేనేమని చెప్పాలె?"

నీహారిక కళ్ళు మూసుకుని తెరిచింది. చక్రధర్ ఆమె వెనకే నిలబడి ఉన్నాడు.

తర్వాత తెలిసిన సంగతి ఇది. ఛాయాదేవికి కార్డు వచ్చిన వారంలోనే ఆమె పొద్దుటిపూట పార్కులో నడిచేవాళ్ళందరినీ అడిగింది, మీకు వచ్చిందా అని. రానివాళ్ళకి ఆ ఆఫీసు ఎక్కడుందో చెప్పింది. కొందరిని వెంట తీసుకెళ్ళింది. పోలింగ్ రోజు ఎవరు ఎన్నింటికి ఎక్కడ నిలబడాలో కూడా ఆమే చెప్పింది. బద్ధకించినవాళ్ళని ఓటు వేయనివాడికి అడిగే హక్కు లేదు అని తిట్టి మరీ బండి ఎక్కించింది. ముప్ఫై ఏళ్ళు ఆమె చేసిన పని అదే. జనాన్ని వరసలో నిలబెట్టి ఓటు వేయించడం.

"అంకుల్, ఇక్కడ వద్దు," అంది నీహారిక. "అందరి ముందు వద్దు. మీరు ఏమీ చెప్పకండి. నేను మీతో విడిగా మాట్లాడతాను, మీ అబ్బాయిని పిలవండి."

"ఎందుకు బిడ్డా? తప్పు జేసినమా?"

హాల్లో కుర్చీల చప్పుడు ఆగిపోయింది. టీ కప్పులు పట్టుకున్నవాళ్ళు పట్టుకునే ఉన్నారు.

భీమశంకర్ ఛాయాదేవి మొహం చూశాడు. ఆయన డ్యాముల దగ్గర పనిచేసిన మనిషి. గోడలో చెమ్మ కనిపిస్తే వెనక ఎంత నీరుందో తెలుసుకోగలడు.

"టీచరమ్మా," అన్నాడు.

ఛాయాదేవి బల్ల దగ్గరికి నడిచింది. నీహారిక చేతిలో ప్రశ్నల కాగితం ఉంది. దాన్ని తీసుకుంది. నీహారిక ఇవ్వలేదు, ఆపలేదు.

"గలీనా ఆయన మీద వేసిన కేసు, వేయనిచ్చినందుకే కదమ్మా?" అని అడిగింది ఛాయాదేవి. "ఓటేసినవాళ్ళని అనలేదు కదా?"

"ఆంటీ, అది 1838. ఇప్పుడు చట్టం అలా లేదు. ఇప్పుడు ఓటేసిన ప్రతి మనిషీ..."

"తెలిసింది."

ఆమె బల్ల చుట్టూ తిరిగి అధికారి కుర్చీలో కూర్చుంది. కాగితం బల్ల మీద పెట్టి ముడతలు సరిచేసింది. కళ్ళజోడు పెట్టుకుంది. కావలి చుట్టుపక్కల బడుల్లో ఎన్నో తెల్లవారుజాముల్లో ఆమె అలాంటి బల్ల వెనక అలాగే కూర్చుంది.

"వేయమన్నది నేను," అంది. అందరికీ వినబడేలా అంది. "అది ముందు నేను చెబుతున్నాను. ఇప్పుడు మీ సంగతి తేలుద్దాం. రేపు అక్కడ ఏమని చెబుతారో, ఇక్కడే ఒకసారి అందరం వినాలి. కుడిచెయ్యి ఎత్తండి భీమశంకర్ గారూ."

భీమశంకర్ ఎత్తాడు.

ఆమె అడిగింది ఆయన్నొక్కణ్ణే. వెనక వరసలో, ఇందాక చప్పట్లు కొట్టిన దమయంతి టీ కప్పు కింద పెట్టి చెయ్యి ఎత్తింది. ఆమె పక్కన ఇంకొక చెయ్యి లేచింది. ఆ వెనక ఇంకొకటి.